ఎనక నిలబడు

మా ఒంటి గురించి ఊరు ఎప్పుడూ రెండే మాటలు చెప్పింది. ఒకటి, 'మాదిగోళ్ళు గట్టోళ్ళు'. రెండు, 'మాదిగోళ్ళు మొద్దోళ్ళు'. బరువు మోయించుకోవాల్నంటే మొదటి మాట, కూలి గట్టిగా అడిగితే రెండో మాట. ఈ రెండు మాటలూ పొలాల కాడ, గోదాముల కాడ, లారీల కాడ పుట్టినయని చాలామంది అనుకుంటారు. నేను మాత్రం వాటిని ఫుట్‌బాల్ గ్రౌండులో విన్నాను. పదమూడేళ్ళ వయసులో, ఒక్క సాయంత్రంలోనే రెండూ విన్నాను. ఆటలో కులం లేదని, బంతికి కులం తెలవదని చెప్పే పెద్దమనుషులు ఇప్పటికీ ఉన్నారు. బంతికి తెలవకపోవచ్చు. ఎవడు ఎక్కడ నిలబడాలో చెప్పే మనిషికి మాత్రం బాగా తెలుసు.

ఫుట్‌బాల్‌లో పదకొండు జాగలు. గోలీ, బ్యాకులు, హాఫులు, ఫార్వర్డులు. పిలగాడి ఎత్తు, తొడ, ఛాతీ చూసి 'నువ్విక్కడ, నువ్వక్కడ' అని పంచే పని ఒక సారు చేతిలో ఉంటుంది. ఆ పంపకం గురించే ఈ నాలుగు మాటలు.

మాది సికింద్రాబాద్ కంటోన్మెంటు పక్క వాడ. తిరుమలగిరి, లాల్‌బజార్, అమ్ముగూడ, బొల్లారం - ఈ చుట్టుపట్ల ఫుట్‌బాల్ కొత్త ఆట కాదు. ఇంగ్లీషు పల్టన్లతో వచ్చి, వాళ్ళు పోయినంక కూడా బస్తీల్లో ఉండిపోయింది. రెండు ఒలింపిక్స్ ఆడిన తులసీదాస్ బలరాం పుట్టింది అమ్ముగూడలో, ఒక పేద తమిళ కుటుంబంలో. పెద్దలు ఆయన పేరు చెప్పుకుంటూ మమ్మల్ని గ్రౌండుకు తోలేవాళ్ళు. క్రికెట్టుకు బ్యాటు గావాలె, ప్యాడ్లు గావాలె. దీనికి ఒక్క బంతి చాలు, అదీ ఇరవై మందికి ఒకటి. అది కూడా లేనప్పుడు బట్టపేలికలు చుట్టి, పైన సైకిల్ ట్యూబు ముక్కలు బిగించి మేమే బంతి చేసుకునేవాళ్ళం.

మా నాయిన బస్టాపు కాడ చెప్పులు కుట్టేవాడు. ముందట ఆరె, రంపె, గూటం, మైనం పూసిన దారం. చుట్టుపక్కల క్లబ్బుల బంతులు కుట్లు ఊడితే ఆయన దగ్గరికే వచ్చేవి. ముప్పై రెండు తునకల బంతి - ఇరవై ఆరు మూలలవి, పన్నెండు అయిదు మూలలవి. ఊడిన కుట్టు విప్పి, లోపల బ్లాడర్‌కు ఆరె తగలకుండా, రెండు సూదులతో ఎదురెదురుగా దారం లాగేవాడు. కుట్టినంక గాలి కొట్టి, నేల మీద ఒకసారి దొర్లించి చూసి ఇచ్చేవాడు. దేశంలో బంతులు తయారయ్యే జలంధర్‌లో కూడా ఆ కుట్టుపని చేసేవాళ్ళలో ఎక్కువమంది దళితులేనని నాకు పెద్దయినాక తెలిసింది. తోలు ఊనింది మావాళ్ళు, కోసింది మావాళ్ళు, కుట్టింది మావాళ్ళు. ఆ బంతి గ్రౌండులోకి పోయినంక మాకు ఏ జాగ ఇస్తరన్నదే లెక్క.

మా వాడ గల్లీ ఎడ్లబండి పట్టేంత వెడల్పు. ఒకపక్క మోరీ, ఇంకోపక్క గోడ. అక్కడ బంతిని ఎగేసి తంతే ఎవరింట్లోనో పడుతుంది, వాళ్ళ అవ్వ తిడుతుంది. అందుకే నేల మీదనే చిన్నగా తట్టాలె. ఎదుటివాడు మీదికి వచ్చే లోపల పక్కవాడికి ఇచ్చెయ్యాలె, మళ్ళీ తీసుకోవాలె. గోడకు కొట్టి కూడా తీసుకునేవాళ్ళం. నేను అట్ల నేర్చుకున్నాను. ఎవరు ఎక్కడున్నారో బంతి రాకముందే చూసుకోవడం నాకు అలవాటైంది. ఆ పని చేసేవాణ్ణి హాఫ్ అంటారని తర్వాత తెలిసింది.

1984లో ఎనిమిదో తరగతిలో ఉండగా స్కూలు టీముకు సెలక్షన్ పెట్టారు. ఆటల సారు మమ్మల్ని ఎత్తు ప్రకారం వరస కట్టించాడు. చేతిలో టేపు లేదు, గడియారం లేదు, ఉరికించి చూసిందీ లేదు. కంటితోనే కొలిచాడు. పొడుగోళ్ళను గోల్ కాడికి, సన్నగా ఉన్న సాయిబుల పిలగాళ్ళను రెండు వింగులకు. నా కాడికి వచ్చి ఆగాడు.

"ఏ వాడరా మీది?"

చెప్పాను. నా తొడ మీద అరచేత్తో ఒకటి చరిచాడు.

"దున్నపోతు లెక్కున్నవ్. నువ్వు ఎనక నిలబడు. వచ్చినోణ్ణి ఆపు, బంతిని ముందలికి తన్ను. అంతకుమించి ఏం చెయ్యకు."

"సార్, నేను హాఫ్ ఆడతా."

సారు నవ్వాడు. "హాఫ్‌కు తెలివి గావాలెరా. నీకు బలముంది, సాలు."

వరసలో కొంతమంది కూడా నవ్వారు. హాఫ్ జాగ ఒక మోతేవరి రెడ్డి కొడుక్కు పోయింది. వాడు చెడ్డగా ఆడేవాడేం కాదు. కానీ ఎడమకాలు అస్సలు రాదు. బంతి ఎడమ పక్కకు వస్తే మొత్తం ఒళ్ళు తిప్పుకొని కుడికాలు కిందికి తెచ్చుకునేవాడు. ఆ లోపల ఎదుటివాడు వచ్చి తీసుకొనిపోయేవాడు. అయినా వాణ్ణి ఎవరూ బలమెంత, ఏ వాడ అని అడగలేదు. మా వాడ నుంచి నలుగురం పోయినం. ఇద్దరం బ్యాకులం. ఒకణ్ణి రెండో గోలీ అన్నారు. అంటే ఏడాదంతా గోల్ వెనక నిలబడి బయటికి పోయిన బంతులు తెచ్చుడు. నాలుగోవాడు మా చిన్నాయిన కొడుకు, వాణ్ణి వాపస్ పంపించారు. వాని సంగతి తర్వాత చెప్తాను.

నా తొడలు సారు అనుకున్నట్టు పుట్టుకతో రాలేదు. మా వాడకు నల్లా లేదు. మిలిటరీ నల్లా నుంచి పొద్దున, మాపున కావడితో నీళ్ళు తెచ్చేది నేనే. ఎండకాలం సెలవుల్లో అవ్వతో ఇండ్ల పనికి పోయి మట్టి తట్టలు మోసేవాణ్ణి. పన్నెండేళ్ళ పిలగాడు రోజూ బరువు మోస్తే కాళ్ళు గట్టిపడతాయి. అదే సారు కొడుకుతో రెండేళ్ళు కావడి మోయిస్తే వాని తొడలు కూడా అట్లనే అవుతాయి. కులం తొడలో ఉండదు. కులం ఏ పని చేయించిందో అది మాత్రం తొడ మీద కనిపిస్తుంది. సారు ఆ పనిని చూసి పుట్టుక అనుకున్నాడు.

ఇంకో తమాషా. మ్యాచులు మధ్యాహ్నం మూడింటికి ఉండేవి. ఫస్టాఫ్‌లో నన్ను దాటి ఎవడూ పోయేవాడు కాదు. సెకండాఫ్‌లో చివరి పదిహేను నిమిషాలు కాళ్ళు లేచేవి కావు, కళ్ళ ముందు చుక్కలు. అప్పుడు సారు గీత మీద నుంచి అరిచేవాడు - "గీళ్ళకు దమ్ముండదు రా, పెద్దకూర తిని పండుకుంటరు!" మధ్యాహ్నం దున్నపోతు, సాయంత్రానికి దమ్ములేనోడు. ఒకే ఒంట్లో ఈ రెండూ ఎట్ల ఉంటాయని ఆయన్ను ఎవరూ అడగలేదు.

సమాధానం మా పొయ్యి కాడ ఉంది. 1983 నుంచి రెండు రూపాయల కిలో బియ్యం వచ్చింది కాబట్టి రాత్రిపూట అన్నం దొరికేది. పచ్చిపులుసుతో తినేవాళ్ళం. పెద్దకూర ఆదివారం ఒక్కపూట, మిగిలితే తునకలు ఎండబెట్టుకునేది. పొద్దున చాయ్. హైస్కూల్లో అప్పుడు మధ్యాహ్న భోజనం లేదు. మనిషి తిన్న అన్నంలోని సత్తువ కండల్లో కొంత నిల్వ ఉంటుంది. గంటన్నర ఆటకు అదే పెట్టుబడి. అది సగం నిండిన పిలగాడు సగం ఆటే ఆడగలుగుతాడు. రక్తం తక్కువున్న పిలగాడికి ఇంకా తొందరగా దమ్మొస్తుంది. దమ్ము అనేది కులానికి సంబంధించింది కాదు, పొద్దున ఏం తిన్నావన్నదానికి సంబంధించింది. ఇంట్లో పాలు, గుడ్లు ఉన్న పిలగాళ్ళు చివరి దాకా ఉరికేవాళ్ళు. వాళ్ళను చూసి సారు 'క్రమశిక్షణ' అనేవాడు.

ఇప్పుడు మా చిన్నాయిన కొడుకు సంగతి. వాడు నాకన్నా చిన్నోడు, పొట్టిగా, పుల్లలాగ ఉండేవాడు. కానీ గల్లీలో బంతి వాని కాలుకు అంటుకొని ఉండేది. ఇద్దరు ముగ్గురు పెద్దోళ్ళ మధ్య నుంచి తీసుకొని బయటపడేవాడు. సారు వాణ్ణి చూసి, "ఈ బొమ్మగాణ్ణి ఎవడు తెచ్చిండ్రా? గాలొస్తే కొట్టకపోతడు. పొయ్యి ఇంకేదన్నా పని నేర్చుకో" అన్నాడు.

వాని పుట్టిన తేదీ రిజిస్టర్‌లో జూన్ 1. నాదీ జూన్ 1. మా వాడలో సగం మందిది జూన్ 1. మా అవ్వలకు పుట్టిన తేదీలు తెలవవు. 'గా పెద్దవాన కొట్టినప్పుడు', 'గా బర్రె సచ్చిన ఏడు' అని చెప్పేవాళ్ళు. హెడ్మాస్టరు పిలగాణ్ణి ఎగాదిగా చూసి, బడిలో చేర్చుకోవడానికి సరిపోయే ఏడాది వేసి, జూన్ 1 రాసేవాడు. మా చిన్నాయిన కొడుక్కు అట్ల ఏడాది పైనే వయసు ఎక్కువ పడింది. అంటే పన్నెండు నిండని పిలగాడు కాగితం మీద పదమూడు దాటినోడై, నిజంగా పద్నాలుగు దగ్గర పడుతున్నవాళ్ళ పక్కన నిలబడ్డాడు. పొట్టిగా కనిపించక ఏమవుతాడు?

ఈ వయసు సంగతి ప్రపంచంలో చాలా చోట్ల లెక్కపెట్టి చూశారు. 1985లో కెనడాలో ఐస్ హాకీ పిలగాళ్ళ మీద మొదట చూశారు, తర్వాత యూరప్ ఫుట్‌బాల్‌లో చూశారు. వయసు కట్ చేసే తేదీకి వెనువెంటనే పుట్టిన పిల్లలు యూత్ టీముల్లో ఎక్కువ ఉంటారు, ఏడాది చివర పుట్టినవాళ్ళు తక్కువ ఉంటారు. ఎనిమిది పది నెలల తేడా పిల్లల ఒంట్లో అంత పని చేస్తుంది. సెలక్షన్ చేసేవాడు ఆ నెలలను చూసి 'ప్రతిభ' అంటాడు. అక్కడ నిజమైన తేదీలతోనే అంత అన్యాయం జరిగితే, హెడ్మాస్టరు కలం పుట్టించిన తేదీలతో మాకు ఎంత జరిగి ఉంటుంది?

దానికి తోడు మగపిలగాళ్ళు ఒక్కసారిగా పొడుగయ్యే కాలం ఉంటుంది. సగటున పద్నాలుగేళ్ళప్పుడు వస్తుంది. ఆ ఏడాదిలో తొమ్మిది పది సెంటీమీటర్లు పెరుగుతారు. కానీ కొందరికి పన్నెండుకే వస్తుంది, కొందరికి పదహారు దాకా రాదు. తిండి సరిగా లేని పిలగాళ్ళకు ఇంకా ఆలస్యమవుతుంది. పదమూడేళ్ళ టీములో ఒకడు మీసాలొచ్చిన మనిషి, ఇంకొకడు పసిపిలగాడు. ఇద్దరి కాగితం వయసు ఒకటే. ముందు కాళ్ళు పెరుగుతాయి, తర్వాత నడుము పైభాగం పెరుగుతుంది, బలం ఆ తర్వాత వస్తుంది. ఆ మధ్యకాలంలో పిలగాడికి తన కాళ్ళే తనవి కానట్టుంటాయి. నిన్నటిదాకా బాగా ఆడినోడు బంతిని తడబడి తంతాడు. మోకాలి కింద నొప్పి అంటాడు. అది తెలవని సారు 'బద్ధకం' అంటాడు. తొందరగా పెరిగినోణ్ణి బ్యాక్‌లో పాతేస్తాడు, ఆలస్యంగా పెరిగేవాణ్ణి ఇంటికి పంపిస్తాడు. నన్ను పాతిండు, మావాణ్ణి పంపిండు.

ఆ రాత్రి మా నాయినకు ఈ సంగతి చెప్తే ఆయన ఆరె పక్కన పెట్టి ఒక్క మాటన్నాడు. "పెరిగే పిలగాని చెప్పు కుడితే ముందట ఏలెడు జాగ ఇడుస్తం. ఇయ్యాల కాలెంతుంటే అంతే కుడితే ఆర్నెల్లకు కరుస్తది. సదువుకున్నోడు, గా సారుకు గది తెల్వదా?"

మా నాయినకు చదువు రాదు. పెరిగే ఒంటికి జాగ విడవాలని ఆయనకు తెలుసు, అది ఆయన పనిలోనే ఉంది. నేను తర్వాత చదివిన పుస్తకాలు దీన్నే పెద్ద మాటల్లో చెప్పాయి.

మా చిన్నాయిన కొడుకు పదిహేడేళ్ళకు పెరిగాడు. రెండేళ్ళలో నన్ను దాటిపోయాడు. కానీ అప్పటికే బడి మానేసి గూడ్స్ షెడ్డులో సిమెంటు బస్తాలు దించుతున్నాడు. గ్రౌండు పక్క నుంచి లారీ మీద పోతూ మమ్మల్ని చూసి చెయ్యి ఊపేవాడు. యాభై కిలోల బస్తా. వానికి ఆ ఒళ్ళు వచ్చే దాకా ఆగే తీరిక బడికి లేదు, గ్రౌండుకు లేదు. సిమెంటుకు మాత్రం ఉండింది.

నేను మూడేళ్ళు స్కూలుకు బ్యాక్ ఆడాను. బ్యాక్ తక్కువ జాగ అని నేననను. వెనక నిలబడ్డవానికే మొత్తం గ్రౌండు కనిపిస్తుంది. అడ్డం పడటం, దెబ్బ తినటం సిగ్గుపడే పనులు కావు. గొడవంతా ఎవరికి ఎంచుకునే వీలుంది, ఎవరిని అక్కడే కట్టేసిండ్రు అన్నదే. రెడ్డి కొడుకు ఒక ఏడు హాఫ్ ఆడి, నచ్చక ఫార్వర్డ్ ఆడి, మళ్ళీ హాఫ్‌కు వచ్చాడు. నాకు మూడేళ్ళలో ఒక్కనాడూ గీత దాటి ముందుకు పోయే హుకుం రాలేదు.

ఆదివారాలు మాత్రం వేరే. మా బస్తీ టీముకు ఒక ముసలి ఉస్తాద్ ఉండేవాడు. వయసులో క్లబ్బులకు ఆడినవాడు. ఆయన మమ్మల్ని వరస కట్టించలేదు. నెల రోజులు ఎడమకాలుతోనే ఆడించాడు. కుడికాలు తగిలితే ఫౌల్. ఇంకో నెల బంతిని ఒక్క తట్టు కన్నా ఎక్కువ ముట్టొద్దన్నాడు. ప్రతివాడూ వారానికొక జాగ మారాలె, గోలీ కూడా బయటికి రావాలె. మూడో నెలలో నన్ను పిలిచి, "నువ్వు ముందే చూస్తవ్. మధ్యల ఆడు" అన్నాడు. నా తొడ ముట్టుకోలేదు, వాడ అడగలేదు. నా ఆట చూశాడు. ఇదంతా ఎక్కడ నేర్చుకున్నావని అడిగితే, "రహీం సాబ్ పెట్టిన దారి" అన్నాడు.

సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాద్‌లో బడిపంతులు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టును తీర్చిదిద్దాడు. ఆ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆయన కోచ్‌గా ఉండగానే భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం దాకా పోయింది, 1962 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో బంగారు పతకం తెచ్చింది. మరుసటేడు క్యాన్సర్‌తో చనిపోయాడు. డ్రిబ్లింగ్ లేని పోటీలు, చేతగాని కాలుతోనే ఆడే పోటీలు పెట్టింది ఆయనే.

రహీం కాలపు ఆటగాళ్ళను చూస్తే ఒళ్ళు, జాగ అనే లెక్క ఎట్ల తారుమారవుతుందో తెలుస్తుంది. పీటర్ తంగరాజ్ హైదరాబాద్ మనిషి, ఆరడుగుల పైన ఎత్తు. ఆసియాలోనే గొప్ప గోలీ అని పేరు. ఆయన మొదలుపెట్టింది సెంటర్ ఫార్వర్డ్‌గా. 1962లో జర్నైల్ సింగ్ టీముకు స్టాపర్. తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. రహీం ఆయన్ను సెమీఫైనల్లో, ఫైనల్లో సెంటర్ ఫార్వర్డ్‌గా ఆడించాడు. దక్షిణ కొరియా మీద 2-1తో గెలిచిన ఫైనల్లో ఒక గోలు పి.కె. బెనర్జీది, రెండోది ఆ స్టాపర్‌ది. తలకు కుట్లతో ఉన్న వెనకటి మనిషిని ముందలికి పంపే ధైర్యం ఆ పంతులుకు ఉంది.

ఒళ్ళుకూ జాగకూ సంబంధమే లేదని నేను వాదించను. గోల్ పోస్టు బార్ నేల నుంచి 2.44 మీటర్ల ఎత్తులో ఉంటుంది, వెడల్పు 7.32 మీటర్లు. అక్కడ పొడుగు చేతులు పనికొస్తాయి. నడిమి బ్యాకుకు ఎగిరి తలతో కొట్టే బలం కావాలె. పక్క బ్యాకులు, వింగులు మళ్ళీ మళ్ళీ వేగంగా ఉరకాలె. పెద్దల మ్యాచిలో ఒక్కొక్కరు పది పన్నెండు కిలోమీటర్లు తిరుగుతారు, అందరికన్నా ఎక్కువ తిరిగేది నడిమి హాఫులు. ఫార్వర్డ్‌కు నాలుగడుగుల్లో అందుకునే చురుకు కావాలె. ఇవన్నీ పెరిగి ముగిసిన ఒళ్ళ లెక్కలు. వాటిని తెచ్చి పదమూడేళ్ళ పిలగాని మీద పెట్టడమే తప్పు.

పెద్దల్లో కూడా ఈ లెక్క పూర్తిగా నిలవదు. 2006లో ప్రపంచ కప్ గెలిచిన ఇటలీ కెప్టెన్ కన్నవారో నడిమి బ్యాక్, ఆరడుగులకు చాలా తక్కువ. 2014లో గెలిచిన జర్మనీ కెప్టెన్ ఫిలిప్ లామ్ ఎత్తు 170 సెంటీమీటర్లు. బ్యాక్ ఆడాడు, హాఫ్ కూడా ఆడాడు. మారడోనా 165 సెంటీమీటర్లు. మెస్సీకి చిన్నప్పుడు ఎదుగుదల హార్మోను లోపం ఉంటే వైద్యం చేయించారు. మా వాడ పిలగాడైతే 'బొమ్మగాడు' అని పంపించేవాళ్ళు.

జాగలు పంచడంలో పుట్టుక చూసే జబ్బు మన దగ్గరే లేదు. అమెరికాలో 1970లో లాయ్, మెక్‌ఎల్వోగ్ అనే ఇద్దరు పరిశోధకులు బేస్‌బాల్, అమెరికన్ ఫుట్‌బాల్ జట్లను లెక్కపెట్టి చూపించారు. ఆట నడిపే నడిమి జాగల్లో తెల్లవాళ్ళు, అంచుల్లో ఉరికే జాగల్లో నల్లవాళ్ళు. నల్లవాళ్ళకు 'సహజమైన బలం' ఉందట, 'నిర్ణయాలు తీసుకునే తెలివి' లేదట. ఈ మాట చదివినప్పుడు నాకు మా సారు గొంతు వినిపించింది. ఆట మొత్తం నడిపే క్వార్టర్‌బ్యాక్ జాగలో నిలబడి ఒక నల్లజాతి మనిషి, డగ్ విలియమ్స్, సూపర్ బౌల్ గెలిచే సరికి 1988 వచ్చింది.

మన దేశంలో పల్వాంకర్ బాలూ ఉన్నాడు, చమార్ కులంలో పుట్టిన క్రికెటర్. పూనాలో ఇంగ్లీషువాళ్ళ క్లబ్బులో పిచ్చి చదును చేసే పనిలో ఉండి, దొరల బ్యాటింగ్ సాధన కోసం గంటలకొద్దీ బంతులు వేసి వేసి బౌలరయ్యాడు. బ్యాటింగ్ దొరల పని, బౌలింగ్ కూలివాని పని. ఆ కూలిపనిలోనే అతను 1911లో ఇంగ్లండ్ పోయి నూరుకు పైగా వికెట్లు తీశాడు. బంతి అతని చేతి నుంచి తీసుకున్నవాళ్ళు చాయ్ మాత్రం పెవిలియన్ బయట మట్టి ముంతలో ఇచ్చారు. ఎంత ఆడినా హిందూ జట్టు కెప్టెన్ చెయ్యలేదు.

అంబేద్కర్ 1936లో 'కుల నిర్మూలన'లో తేల్చిన సంగతి ఇక్కడ కూడా పనికొస్తుంది. పనులు పంచుకోవడం వేరు. పనివాళ్ళనే మెట్లు మెట్లుగా విడదీసి, మనిషి ఇష్టం, నేర్పు చూడకుండా పుట్టుకతో కట్టెయ్యడం వేరు. పదకొండు జాగలు పంచుకోవడం ఆటకు అవసరం. 'నీ వాడ ఇది, నీ ఒళ్ళు ఇది, నువ్వు ఎనక నిలబడు' అనడం వర్ణం. బడిలో ఎనక బెంచీ, ఊర్లో ఎనక వాడ, గ్రౌండులో ఎనక జాగ. మా సారు వర్ణవ్యవస్థ గురించి ఏ పుస్తకమూ చదివి ఉండడు. చదవకుండానే అమలు చేశాడు.

ఇవాళ్టి సంగతి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో అయిదేళ్ళ లోపు పిల్లల్లో నూటికి 35 మందికి పైగా వయసుకు తగిన ఎత్తు లేరు. ఎస్సీ పిల్లల్లో అది దాదాపు 39. ఆ పిల్లలే ఎనిమిది తొమ్మిదేళ్ళకు సెలక్షన్ల వరసలో నిలబడతారు. ఎత్తు ఎంత, బరువు ఎంత, ఎంత దూరం దూకినవ్ అని అడుగుతారు. ఫీజులు కట్టించుకునే అకాడమీలు పిల్లల వీపుకు జీపీఎస్ బనీన్లు తొడిగి ఎంత ఉరికిండో లెక్క తీస్తున్నాయి. పొద్దున ఏం తిన్నడో మాత్రం ఎవరూ రాసుకోరు. టేపు అబద్ధం చెప్పదు, నిజమే. కానీ టేపు ఇవాళ్టి ఎత్తే చెప్తుంది. ఆ ఎత్తు ఎందుకు అంతే ఉందో, రేపు ఎంతవుతుందో చెప్పదు. ఇంగ్లండ్ అకాడమీల్లో కొన్నేళ్ళ నుంచి పిల్లలను కాగితం వయసుతో కాక ఒంటి ఎదుగుదలతో జట్లు కట్టి ఆడించే పద్ధతి వచ్చింది. మనకు అది తెచ్చుకోవడానికి పెద్ద యంత్రాలేం అక్కర్లేదు.

మా బస్తీ గ్రౌండులో ఆదివారం ముప్పై మంది పిల్లలు వస్తారు. అక్కడ గోడ మీద బొగ్గుతో గీతలుంటాయి. మూడు నెలలకోసారి ప్రతి పిల్ల, ప్రతి పిలగాడు గోడకు ఆనుకొని నిలబడితే గీత గీసి తేదీ వేస్తాం. గీతలు దూరం దూరంగా పడుతున్నాయంటే వాడు పెరుగుతున్నాడు, వాని ఆట తడబడుతుంది, కోప్పడొద్దు, ఉరికించేది తగ్గించాలె. గీతలు దగ్గరగా ఉన్నాయంటే వాని కాలం ఇంకా రాలేదు, ఉంచుకోవాలె. పదిహేనేళ్ళ దాకా ఎవరికీ ఒక్క జాగ రాసివ్వం. వారం వారం మారాల్సిందే. ఆటకు ముందు ఒక ఉడకబెట్టిన గుడ్డు, ఒక అరటిపండు. చందాలతో నడుస్తుంది. చందా రాని వారం శెనగలు.

ఆడపిల్లలు ఎనిమిది మంది ఉన్నారు. మా కాలంలో మా చెల్లెండ్లకు వెనక జాగ కూడా లేదు, గ్రౌండు బయట మా చెప్పులకు కావలి. ఇవాళ నిజామాబాద్ జిల్లా నుంచి పోయిన గుగులోత్ సౌమ్య భారత జట్టుకు ముందు వరసలో ఆడిందని వీళ్ళకు తెలుసు. 'సౌమ్యక్క లెక్క వింగ్ ఆడత' అని ఒకతి వచ్చి అడుగుతుంది. అడగగలగడమే మా వాడకు కొత్త.

ఉద్యమాల్లో ఉన్న తమ్ముళ్ళకు, చెల్లెండ్లకు ఒక మాట. మనం సీట్ల గురించి, కొలువుల గురించి, భూముల గురించి కొట్లాడినం, కొట్లాడాలె. సంక్షేమ హాస్టళ్ళలో గ్రౌండు ఉందా, పొద్దున గుడ్డు పెడుతున్నారా, ఆటల సారు పోస్టు నిండిందా అని కూడా అడగాలె. సెలక్షన్ నాడు పిలగాణ్ణి ఆడించి చూసిండ్రా, నిలబెట్టి చూసిండ్రా అని అడగాలె. వాపస్ పంపిన పిలగాణ్ణి రెండేండ్ల తర్వాత మళ్ళీ పిలిచే రూలు పెట్టించాలె. ఇవి చిన్న సంగతులని అనుకోవద్దు. మనకు చేతనయ్యేది ఏదో, చేతకానిది ఏదో మన ఒళ్ళు చూసి చెప్పే అధికారం వేరేవాళ్ళ చేతిలో ఉన్నంతకాలం చదువులోనైనా, కొలువులోనైనా మనకు దొరికేది వాళ్ళు చూపించిన జాగే.

మా చిన్నాయిన కొడుకు నడుము నలభై ఏండ్లకే పోయింది. బస్తాలు. వాని మనుమడు మా గ్రౌండుకు వస్తాడు. తొమ్మిదేండ్లు, వాడలో అందరికన్నా పొట్టి. పోయిన వారం గోలీ ఆడాడు. ఈ వారం హాఫ్.